దీపానికి గుడి కట్టినప్పుడు

(గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి నాడు పర్లాకిమిడిలో ఒక కంటి వైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది. మాట్లాడిన మాటను మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం వెనక్కి జరపండి బాబూ... ఆ, చాలు.

పంతులు గారి పుట్టినరోజున కంటి డాక్టర్ని పిలిచారేమిటని నిన్న మా ఆవిడ అడిగింది. నాకూ ఆ అనుమానం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నేను మాట్లాడవలసిన సభ ఇదే అనిపించింది. ఆయన 1863 ఆగస్టు 29న పుట్టారు. ఈ ఊళ్లో మేష్టరుగా పని చేశారు. సవరల భాష కోసం కొండలెక్కారు, జ్వరాలకి క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇదంతా మీకు నాకన్నా బాగా తెలుసు. ఆయన కొట్లాడింది దేనికి? మనిషి మాట్లాడే మాటలోనే పుస్తకం ఉండాలని. పుస్తకాల్లో ఆ కోరిక తీరింది గానీ, మా ఆస్పత్రుల్లో గ్రాంథికం ఇంకా పోలేదండి. ఎలాగో చెప్తాను.

ఆపరేషన్ అయిన నెలకి పేషెంటు చేత ఒక ఫారం నింపిస్తాం. నేను పూర్వం పని చేసిన ఒక చోట ఆ ఫారంలో ఇలా ఉండేది: 'శస్త్రచికిత్సానంతరం సమీప దృష్టి విషయమై మీ సంతృప్తి స్థాయిని సూచింపుడు.' ఒడియాలో ఉన్నదీ అలాంటిదే. కాశీనగర్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మకి నర్సు దీన్ని గట్టిగా చదివి వినిపించింది. ఆవిడ అంతా విని, 'బాగానే ఉన్నాది తల్లీ' అంది. నర్సు 'చాలా సంతృప్తి' దగ్గర టిక్కు పెట్టేసింది. ఆవిడ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి నన్ను చూసి, 'బాబూ, సేపలో ముల్లు మాత్రం అవుపడ్డం లేదు' అంది.

(నవ్వులు)

నవ్వకండి. నెలకి ఇరవై రోజులు చేప తినే ఇంట్లో అదే సమీప దృష్టి. ఫారం ప్రకారం ఆవిడ తృప్తిగా ఉంది, కంచం దగ్గర లేదు. ఈ రెంటి మధ్యా ఉన్న ఖాళీ గురించే ఇవాళ నేను మాట్లాడేది. లెన్సుల పేరు మీద ఇప్పుడు నడుస్తున్న వ్యాపారమంతా ఆ ఖాళీలోనే నడుస్తోంది.

శుక్లం అంటే తెలుసు కదా, ఒడియా మాట్లాడే మన పక్కింటివాళ్లు మోతియాబిందు అంటారు. కన్ను లోపల పుట్టుకతో వచ్చిన లెన్సు ఒకటుంటుంది. వయసుతో అది మసకబారుతుంది. దాన్ని తీసేసి ఆ స్థానంలో ప్లాస్టిక్ లెన్సు పెడతాం. మొదట పెట్టింది లండన్లో సెయింట్ థామస్ ఆస్పత్రిలో హెరాల్డ్ రిడ్లీ అనే ఆయన, 1949 నవంబరు 29న. యుద్ధంలో విమానాల ప్లాస్టిక్ అద్దం పగిలి కొందరు పైలట్ల కళ్లలో ముక్కలు దిగబడ్డాయి. ఆ రకం ప్లాస్టిక్ ముక్కలు ఏళ్ల తరబడి లోపలున్నా కన్ను వాటితో గొడవ పెట్టుకోలేదు. అది చూసి ఆయనకి ఆలోచన వచ్చింది. తోటి డాక్టర్లు చాలాకాలం తిట్టిపోశారు పాపం. మన దేశంలో ఈ లెన్సు పేదవాడి కంటి దాకా రావడానికి ముఖ్య కారణం మదురైలో 1992లో మొదలైన ఆరోల్యాబ్ అనే లెన్సుల ఫ్యాక్టరీ. అంతకు ముందు దిగుమతి సరుకు, ధర చూస్తే కళ్లు తిరిగేవి. క్యాంపుల్లో బరువైన గాజు కళ్లజోడు ఇచ్చి పంపించేవారే, మీలో పెద్దవాళ్లకి గుర్తుండి ఉంటుంది. సోడాబుడ్డి అద్దాలు.

ఆ మామూలు లెన్సుకి ఒక్కటే లోటు. దానికి ఒకే దూరం తెలుసు. సొంత లెన్సు చిన్నప్పుడు మెత్తగా ఉండి, దూరం చూడాలంటే సాగుతుంది, దగ్గర చూడాలంటే ఉబ్బుతుంది. నలభై దాటాక బిరుసెక్కుతుంది, దాన్నే చత్వారం అంటాం. పేపరు చేయి చాచి దూరంగా పట్టుకుని, ఆఖరికి చెయ్యి చాలక కళ్లజోడు కొంటాం. ప్లాస్టిక్ లెన్సు ఉబ్బదు, సాగదు. దూరానికి సరిపెట్టి పెడతాం గనక మహేంద్రగిరి చక్కగా కనిపిస్తుంది, చేతిలో చీటీ కనిపించదు. చదవడానికి కళ్లజోడు పెట్టుకోవాలి. ఒకాయన ఆపరేషన్ అయిన మూడో రోజు డాబా ఎక్కి చూసి, 'దూరపు కొండలు నునుపంటారు గానీ డాక్టరు గారూ, ఇప్పుడు నునుపుగా లేవండి, చెట్లన్నీ విడివిడిగా ఉన్నాయి' అన్నాడు. ఆయనది క్యాంపులో వేసిన ఉచిత లెన్సు. మా దగ్గరున్న తృప్తి కాగితాలన్నిట్లోకీ నాకు ఆ మాటే ఇష్టం.

ఇప్పుడు మల్టీఫోకల్ సంగతి, అంటే ఒకటి కన్నా ఎక్కువ దూరాలు చూపించే లెన్సు. లెన్సు నిండా, బావిలో రాయి వేస్తే లేచే వలయాల్లాగా, సన్నటి మెట్లుంటాయి. వేలితో తాకితే తెలియవు, మెట్టు ఎత్తు మైక్రాన్ల లెక్క. ఆ మెట్ల మీద పడ్డ వెలుతురు చీలిపోతుంది. కొంత దూరానికి, కొంత దగ్గరికి పోతుంది. మూడు దూరాల రకమైతే మధ్య దూరానికి, అంటే కంప్యూటరు, వంటగట్టు, కొట్లో తూకం ఇలాంటి వాటికి కూడా కొంత వాటా ఇస్తుంది. కొద్దిగా వెలుతురు ఎటూ కాకుండా పోతుంది కూడా. సోలెడు పాలు మూడు గ్లాసుల్లో పోసినట్టు. ముగ్గురూ తాగుతారు, ఎవరి గ్లాసూ నిండదు. అందుకని సాయంత్రం వెలుతురు తగ్గాక, ఇంటి మెట్లన్నీ ఒకే బూడిదరంగులో ఉన్నచోట, ఇలాంటి తేడాలు పట్టడంలో ఈ లెన్సు మామూలు లెన్సు కన్నా కాస్త వెనకబడుతుంది.

ఇంకొకటి. ఒకేసారి మూడు బొమ్మలూ కంటి వెనక తెర మీద పడతాయి. మీరు దూరం చూస్తుంటే దగ్గరి వాటా బొమ్మ చెదిరి, దాని మీద పరుచుకుని ఉంటుంది. పగలు తెలియదు. రాత్రి దీపం చూసినప్పుడు ఆ చెదిరిన వెలుగు దీపం చుట్టూ వలయంగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో దీన్ని హేలో అంటారు. నేను చాలా ఏళ్లు 'కాంతి వలయాలు', 'పరివేషం' అని చెప్తూ వచ్చాను. వినేవాళ్లు తలూపేవారు. తలూపడం అంటే అర్థమైందని కాదండి, డాక్టరు త్వరగా వదిలేస్తే బాగుణ్ణని.

దీనికి మన దగ్గర ఎంత మంచి మాటుందో నాకు నేర్పింది ఒక పేషెంటు. అది నా తప్పు కథ. చెప్పుకోవాలి.

ఆయనకి సొంత కారుంది, కిరాయికి తిప్పుతాడు. యాభై ఎనిమిదేళ్లు. పర్లాకిమిడి నుంచి విశాఖపట్నం ఆస్పత్రులకి జనాన్ని తీసుకెళ్లడం, రాత్రికి తిరిగి రావడం. కొడుకు బెంగళూరు నుంచి ఫోన్లో, 'నాన్నకి అన్నిటికన్నా మంచి లెన్సు వెయ్యండి' అన్నాడు. నేను వేశాను. ఆయన్ని నేనడిగింది ఒకే ప్రశ్న: 'కళ్లజోడు లేకుండా ఉండాలనుందా?' ఎవరికుండదు? రాత్రిళ్లు ఏం చేస్తావని అడగలేదు. ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. నెలకి వచ్చి చార్టులో ఆఖరి వరస గడగడా చదివేశాడు, చేతిలో చిన్నక్షరాల కార్డూ చదివేశాడు. నేను భుజం తట్టాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

'ఏమయింది?' అన్నాను.

'పాతపట్నం దాటేక ఎదురుగా లారీ వస్తే రెండు లైట్లు రావట్లేదు సార్. రెండు గుళ్లు వస్తన్నాయి.'

నాకర్థం కాలేదు. ఆయన వేలితో గాలిలో గుండ్రంగా గీసి చూపించాడు. 'వానకి ముందు సందమామకి గుడి కడతాది సూడండి, అలాగ. ప్రతి లైటుకీ గుడే. రోడ్డు దాని ఎనకాల ఉంటాది.'

చంద్రుడికి గుడి కట్టడం. దూరపు గుడి దగ్గర వాన అని చిన్నప్పుడు మా అమ్మమ్మ కూడా చెప్పేది. ఆ మాట నోట్లో ఉంచుకుని నేను ఇరవై ఏళ్లు పరివేషం, పరివేషం అన్నాను. అప్పట్నుంచి మల్టీఫోకల్ అడిగిన ప్రతి మనిషికీ నా మొదటి వాక్యం ఇదే: 'రాత్రి దీపాలకి గుడి కడుతుంది, పరవాలేదా?' ఒక్కరు కూడా మళ్లీ చెప్పమనలేదు. కొందరు వెంటనే 'అయితే వద్దు' అన్నారు. ఆ వద్దు నాకు ఆపరేషన్ కన్నా ముందే వచ్చింది, అదీ లాభం.

ఆయన సంగతి పూర్తి చేస్తాను. ఇలాంటి ఫిర్యాదు వస్తే తప్పు లెన్సుదే అనుకోకూడదు. ముందు మిగిలిపోయిన కళ్లజోడు నంబరు చూడాలి. అర, ముప్పావు పవరు తేడా మామూలు లెన్సులో చెల్లిపోతుంది, దీంట్లో చెల్లదు. కన్ను పొడిబారిందేమో చూడాలి. లెన్సు వెనక పొర మసకబారిందేమో చూడాలి. కంటి తెర సరిగా ఉందో లేదో స్కాన్ తియ్యాలి. ఈ లెన్సుతో అసంతృప్తిగా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇలాంటి కారణమే దొరుకుతుంది, సరిదిద్దచ్చు కూడా. ఆయనకి ఏదీ దొరకలేదు. 'మెదడుకి అలవాటు పడాలి, కొన్ని నెలలు ఆగుదాం' అన్నాను. అది అబద్ధం కాదు. నౌపడా నుంచి చిన్న రైలు నడిచిన రోజుల్లో, పట్టాల పక్కన ఇల్లున్నవాళ్లని 'రైలు చప్పుడుకి నిద్రెలా పడుతుందండీ' అని అడిగితే, 'ఏ రైలు?' అనేవారు. చప్పుడు తగ్గిందా? లేదు, మనసు పక్కన పెట్టేసింది. ఈ గుళ్లని కూడా చాలామంది మెదడు మూడు నెలలకో, ఆరు నెలలకో, ఏడాదికో పక్కన పెట్టేస్తుంది. కొందరిది పెట్టదు. ఎవరిది పెడుతుందో ముందే చెప్పే మిషను లేదు. ఆయనకి కొంత తగ్గింది, పోలేదు. లెన్సు తీసి మామూలుది వేస్తానన్నాను, మళ్లీ కత్తి వద్దన్నాడు. రెండో కంటికి మామూలు లెన్సు వేశాను. రాత్రి బాడుగలు మానేశాడు, దానికి వేరే కుర్రాణ్ణి పెట్టుకున్నాడు. చార్టు లెక్కన ఆయన నా మంచి ఫలితాల్లో ఒకడు.

అవతలి పక్క కూడా చెప్పాలి, లేకపోతే ఈ లెన్సు చెడ్డదని ఇంటికెళ్తారు. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన ఉన్నారు. ఆయన చూపు చార్టు మీద పూర్తి కాదు, ఒక వరస తక్కువ. రాత్రి ఎనిమిదికి పడుకుంటారు. పొద్దున్నే పంచాంగం, తర్వాత పేపరు, తర్వాత మనవడి ఫోన్లో ఫోటోలు. ముప్పై ఏళ్లు కళ్లజోడు పెట్టుకున్న మనిషి. 'ముక్కు మీద నొక్కు కూడా పోయిందండీ' అని చూపించడానికి రెండుసార్లు వచ్చారు. దీపాలకి గుళ్లు కనిపిస్తున్నాయా అని అడిగాను. 'కనిపిస్తాయి. కార్తీకమాసం అనుకుంటాను' అన్నారు.

(నవ్వులు, చప్పట్లు)

ఇద్దరికీ ఒకే కంపెనీ, ఒకే రకం లెన్సు. 2016లో కాక్రేన్ అని, వైద్య పరిశోధనల్ని సరిచూసే సంస్థ వాళ్లు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కూడదీసి చూశారు. తేలింది ఇదే: దూరపు చూపులో మామూలు లెన్సుకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కళ్లజోడు అవసరం దీంట్లో తగ్గుతుంది. దీపాల చుట్టూ వలయాలూ, మిరుమిట్లూ దీంట్లో పెరుగుతాయి. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడం. సంతలో బేరం లాంటిది, మోసం కాదు. కాకపోతే బేరంలో రెండు పక్కలా తెలియాలి. 'ప్రీమియం లెన్సు' అన్న మాట వచ్చాక ఒక పక్కే తెలుస్తోంది. ప్రీమియం అనగానే ఉచిత లెన్సు నాసిరకం అయిపోయింది జనం మనసులో. ఒక్కో కంటికి పదుల వేలు తేడా ఉంటుందండి. పొలం తాకట్టు పెట్టి అడిగినవాళ్లని నేను చూశాను, 'మా నాన్నకి తక్కువరకం వెయ్యం' అని. తక్కువరకం కాదు నాయనా, దూరం ఒక్కటే చూసే రకం. ఆ ఒక్క దూరాన్ని పూర్తి వెలుతురుతో చూపిస్తుంది.

కొమ్ము పని చేసే ఒక పెద్దాయన సంగతి కూడా చెప్తాను, ఈ ఊరి పనితనం కాబట్టి. కొమ్ముతో కొంగని చెక్కుతారు చూడండి. నల్లటి కొమ్ము, దాని మీద సన్నగా ఈక గీతలు. ఆయన మల్టీఫోకల్ కోసమే వచ్చారు, డబ్బు కూడా తెచ్చుకున్నారు. సగం చెక్కిన కొంగ ఒకటి తీసుకురమ్మన్నాను. ముట్టుకుంటే చల్లగా, నున్నగా ఉంది. నా కంటికి గీతలు కనిపించలేదు. కిటికీ దగ్గరికెళ్లి ఏటవాలుగా పట్టుకుంటే అప్పుడు మెరిశాయి. నలుపు మీద నలుపు, గాటు లోతులో వచ్చే నీడ మాత్రమే తేడా. వెలుతురు పంచుకునే లెన్సు ఓడిపోయేది అక్కడే. పైగా ఆయన పని పట్టుకునే దూరం టేపు పెట్టి కొలిస్తే జానెడు కన్నా కొంచెం ఎక్కువ. చాలా మల్టీఫోకల్ లెన్సుల దగ్గరి చూపు నలభై సెంటీమీటర్ల దగ్గర కుదురుతుంది. ఆ లెన్సు వేసి ఉంటే ఆయన పేపరు చదువుకునేవారు, కొంగని చెక్కలేకపోయేవారు. మామూలు లెన్సు వేసి, పనికి సరిపడా పవరుతో కళ్లజోడు ఇచ్చాం. మిగిలిన డబ్బుతో ఏం చేశారో నాకు తెలియదు. ఆ కొంగ మాత్రం మా ఆస్పత్రి బల్ల మీద ఉంది.

చూపుతో పనులెంత సాగుతున్నాయో కొలిచే ప్రశ్నలు విదేశాల నుంచి కూడా వచ్చాయి. 1994లో అమెరికాలో తయారైంది వీఎఫ్-14 అని, పద్నాలుగు పనుల జాబితా. మంచిదే, ప్రపంచమంతా వాడారు. అందులో గోల్ఫు ఆడగలుగుతున్నారా, పేకాట ఆడగలుగుతున్నారా అని ఉంటుంది. పేకాట వరకూ మనకీ పనికొస్తుంది.

(నవ్వులు)

తర్వాత మన దేశంలో పేషెంట్లతోనే మాట్లాడి, వాళ్ల ఇబ్బందుల నుంచే ముప్పై మూడు ప్రశ్నలు తయారు చేశారు. అది పరిశోధనకి. నా సొంత జాబితా ఇంకా చిన్నది, ఆపరేషన్ కన్నా ముందు అడిగేది. రాత్రి బండి నడుపుతారా? బియ్యంలో రాయి ఎవరు ఏరతారు, మీరా కోడలా? చేప ముల్లు? సెల్లులో పేరు వెతుక్కుంటారా, మనవణ్ణి అడుగుతారా? కుట్టుపనుందా? బరంపురం వైపు నుంచి పట్టు నేసేవాళ్లొస్తే, మగ్గం మీద కుంభం డిజైను దగ్గర అంచు కలిపేటప్పుడు తల ఎంత వంచుతారు? చివరిగా, కళ్లజోడు పెట్టుకోవడం మీకు నిజంగా బాధేనా? ఈ ఆఖరి ప్రశ్నకి చాలామంది కాసేపు ఆలోచించి, 'బాధేముంది, అలవాటే కదా' అంటారు. వాళ్లకి నలభై వేల లెన్సు అంటగట్టడం దేనికండీ?

వద్దని నేనే చెప్పేవాళ్లు కొందరున్నారు. షుగరు వల్ల కంటి తెర దెబ్బ తిన్నవాళ్లు, నీటికాసులు, అదే గ్లకోమా, ముదిరినవాళ్లు, కంటి తెర మధ్య భాగం అరిగినవాళ్లు. వాళ్లకి ఉన్న వెలుతురే చాలదు, అందులోంచి వాటాలెందుకు? పొలంలో ఎండకి తిరిగేవాళ్లకి తెల్లగుడ్డు మీంచి కండ పెరిగి నల్లగుడ్డు మీదికి వస్తుంది. అది ఉంటే కొలతలే తప్పుతాయి. కొలత తప్పడమంటే, కంటి పొడవు ఒక్క మిల్లీమీటరు తేడా పడితే పవరు రెండున్నర, మూడు దాకా తప్పుతుంది. మన దగ్గర ఇంకో చిక్కుంది. శుక్లం బాగా పండి, తెల్లగా అయ్యాక గానీ రారు. అంత ముదిరితే కాంతితో కొలిచే మిషను లోపలికి చూడలేదు, శబ్ద తరంగాల మిషనుతో కొలవాలి. అది మంచి చేతుల్లో బాగానే కొలుస్తుంది గానీ, మల్టీఫోకల్‌కి కావలసినంత ఖచ్చితం అన్నిసార్లూ రాదు. మల్టీఫోకల్ కావాలంటే పండేదాకా ఆగకండి. మామిడికాయ కాదది.

ఇక ప్రశ్నలుంటే అడగండి. నాకు తొమ్మిదింటికి గుణుపురం వెళ్లాలి.

(సభలోంచి: ఆపరేషన్ అయిన ఏడాదికి మళ్లీ పొర వచ్చిందన్నారండి మా బావగారికి. మళ్లీ శుక్లమేనా?)

కాదండి, శుక్లం మళ్లీ రాదు. లెన్సుని పట్టుకునుండే సొంత సంచీ ఉంటుంది, దాని వెనక గోడ మసకబారుతుంది. లేజరుతో నిమిషాల్లో పని, కత్తి లేదు. మీ బావగారిది మామూలు లెన్సేనా? అయితే చేయించేయండి. మల్టీఫోకల్ వేసి, మొదటి నుంచీ నచ్చక తిట్టుకుంటున్నవాళ్లయితే మాత్రం తొందరపడి లేజరు కొట్టించకూడదు. గోడకి కన్నం పడ్డాక లెన్సు మార్చడం కష్టం. ముందు అసలు కారణం తేల్చుకోవాలి.

(సభలోంచి: దూరానికీ, కంప్యూటరుకీ చాలు, గుళ్లు తక్కువుండాలి అంటే?)

దానికీ ఒక రకం ఉంది, వెలుతురుని ముక్కలు చెయ్యకుండా సాగదీసే లెన్సు. ఈడాఫ్ అంటారు. గుళ్లు తక్కువే గానీ అసలు ఉండవని కాదు. చిన్నక్షరాలకి కళ్లజోడు అడుగుతుంది. ఇంకో పాత ఉపాయం, డబ్బు తక్కువ పనీ: ఒక కంటికి దూరం, రెండో కంటికి కొంచెం దగ్గర పెట్టి మామూలు లెన్సులే వెయ్యడం. కొందరికి బాగా పడుతుంది. ముందు కళ్లజోడుతో వారం రోజులు అలా తిరిగి చూడచ్చు, అదీ దాని సుగుణం.

(ఒక మహిళ: నాకు వచ్చే నెలలో అన్నారు బాబూ. అబ్బాయి మల్టీఫోకల్ అంటన్నాడు. నేను చిట్టీల లెక్క రాస్తాను. రాత్రి ఎక్కడికీ కదలను.)

చిట్టీల పుస్తకం ఏ సైజమ్మా? అక్షరాలు మీరే రాస్తారా? పెన్సిలా, పెన్నా?

(మహిళ: పెన్సిలే. తప్పులొస్తే సెరిపేయాల గదా.)

అదీ సంగతి. బూడిదరంగు గీత, పాతబడ్డ కాగితం. దీపం కింద రాస్తారా, పగలా? అది ఇక్కడ తేలదమ్మా. సోమవారం వచ్చేటప్పుడు ఆ పుస్తకమూ, ఆ పెన్సిలూ తెచ్చుకోండి. మీరు రోజూ కూర్చునే పీట ఎత్తు కూడా కొలిచి రండి. అబ్బాయిని కూడా రమ్మనండి, టేపు పట్టుకోడానికి మనిషి కావాలి.